ఫార్మాట్ కొట్టించే ముందు ఓసారి గడియారం చూడండి

ప్రశ్న: నేను రిటైర్డ్ లెక్కల మాస్టారిని. కోనసీమలో ఉంటాను. 2019లో కొట్లో చెప్పి అసెంబుల్ చేయించుకున్న కంప్యూటర్ నాది. విండోస్ 10. నెల్లాళ్ల కిందట ఒక సాయంత్రం గాలివానకి కరెంటు నాలుగైదుసార్లు పోయి వచ్చింది. ఆ మర్నాటి నుంచి దీనికి జబ్బు పట్టుకుంది. ఆన్ చేస్తే విండోస్ గుర్తు వస్తుంది, కింద చుక్కలు గుండ్రంగా తిరుగుతాయి, అంతలో టప్పున ఆరిపోయి మళ్లీ మొదటికొస్తుంది. ఒక్కోసారి డెస్క్‌టాప్ దాకా వచ్చి, పది నిమిషాలో అరగంటో పనిచేసి అప్పుడు ఆరిపోతుంది. రెండుసార్లు నీలం తెర కనిపించింది కానీ చదివేలోపే మాయమైంది. మా ఊరి మెకానిక్ "విండోస్ పోయింది, ఫార్మాట్ కొట్టాలి, డెస్క్‌టాప్ మీద ఉన్నవి పోతాయి" అన్నాడు. ఇంకొకాయన మదర్‌బోర్డు పోయిందన్నాడు. అమెరికాలో ఉన్న మనవడు "సేఫ్ మోడ్‌లోకి వెళ్లు తాతయ్యా" అంటాడు. అదెక్కడుందో నాకు తెలియదు. మా నాన్నగారి పద్యాలు మూడొందల పేజీలు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో టైపు చేయించి డెస్క్‌టాప్ మీదే పెట్టుకున్నాను. వేరే కాపీ లేదు. ఫార్మాట్ కొట్టించమంటారా?

సమాధానం:

మాస్టారూ, ఇప్పుడే కొట్టించకండి. ఇది చదవడం పూర్తయ్యేదాకా దాన్ని ఆన్ చేసి ఆన్ చేసి చూడకండి కూడా. ప్లగ్గు తీసేసి పక్కన ఉంచండి. గొడవ డిస్కుదే అయితే, ఆన్ చేసిన ప్రతిసారీ ఆ పద్యాలకు గండమే.

మెకానిక్‌ని తప్పు పట్టను. కొట్లో పది డబ్బాలు వరసగా ఉంటాయి. కారణం వెతకాలంటే ఒక పూట పోతుంది, ఫార్మాట్ అయితే పెన్‌డ్రైవ్ గుచ్చి టీ తాగొచ్చేలోపు సగం పని అయిపోతుంది. పైగా కొన్ని నిజంగానే దాంతో బాగవుతాయి కూడా. బాగవనివి వారం తిరక్కుండా మళ్లీ కొట్టుకొస్తాయి, అప్పుడు "బోర్డు పోయిందండీ" అంటారు. ఈ మధ్యలో పోయేవి మీ ఫైళ్లు.

మీ ఉత్తరంలో నాకు బాగా పనికొచ్చిన మాట ఒకటుంది. అది "ఒక్కోసారి". చుక్కల దగ్గర ఒకసారి, పది నిమిషాలకు ఒకసారి, అరగంటకు ఒకసారి. మీకు తెలిసిన భాషలోనే చెబుతాను. సూత్రం తప్పుగా బట్టీ పట్టిన పిల్లాడు ప్రతి లెక్కలోనూ అదే మెట్టు దగ్గర తప్పుతాడు. జ్వరంతో పరీక్షకి కూర్చున్న పిల్లాడు ఒక లెక్కలో ఎక్కం తప్పుతాడు, ఇంకో దాంట్లో ప్లస్ బదులు మైనస్ వేస్తాడు, మూడోది రైటే చేస్తాడు. విండోస్ చెడిన కంప్యూటర్ చాలావరకు మొదటి పిల్లాడి లాంటిది. రోజూ ఒకే చోట పడిపోతుంది. పడే చోటు రోజుకోలా మారుతోందంటే ఎక్కువసార్లు అది వస్తువుకి వచ్చిన జ్వరం. అంటే కరెంటో, వేడో, ర్యామో (పనిచేస్తున్నంతసేపూ కంప్యూటర్ వాడుకునే తాత్కాలిక జ్ఞాపకం), డిస్కో. ఫార్మాట్ చేస్తే జ్వరంతో ఉన్న పిల్లాడికి కొత్త నోటుబుక్కు కొనిచ్చినట్టే.

మొదటి రకానికి ప్రపంచమంతా చూసిన ఉదాహరణ ఒకటుంది. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రయిక్ అనే సెక్యూరిటీ కంపెనీ పంపిన ఒక చిన్న అప్‌డేట్ ఫైలు వల్ల, మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం తెర వేసి, రీస్టార్ట్ అయి, మళ్లీ నీలం తెర వేస్తూ కూర్చున్నాయి. ఆ రోజు శంషాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ప్రయాణికుడికి చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో మీరూ చూసే ఉంటారు. అన్ని లక్షల కంప్యూటర్లూ ఒకే చోట, ఒకే ఫైలు చదవబోయి పడ్డాయి. వాటిని బాగుచేయడానికి ఫార్మాట్ అక్కర్లేకపోయింది. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఆ ఒక్క ఫైలు తీసేస్తే లేచి కూర్చున్నాయి. మీ మనవడు చెప్పేది ఈ దారే. తప్పు కాదు, కానీ మీ ఇంట్లో అది రెండో అడుగు.

మొదటి అడుగు పద్యాలు. కంప్యూటర్ నిలకడగా లేనప్పుడు దాన్ని ఆన్ చేసి అందులోంచే కాపీ చేయాలని చూడకండి. కాపీ సగంలో ఉండగా ఆరిపోతే ఉన్నది కూడా చెడొచ్చు. మెకానిక్‌కి ఇలా చెప్పండి: "బాబూ, ఏమీ బాగుచేయకు. డిస్కు మాత్రం విప్పి, నీ కంప్యూటర్‌కి తగిలించి, నా ఫోల్డర్లు ఈ పెన్‌డ్రైవ్‌లోకి తియ్యి." డిస్కుకి ఉండే రెండు వైర్లు ఊడదీసి, యూఎస్‌బీ కేబుల్‌తో ఇంకో కంప్యూటర్‌కి పెడితే అది మామూలు పెన్‌డ్రైవ్‌లా కనిపిస్తుంది. తెలిసినవాడికి అరగంట పని. దగ్గరుండి చేయించుకోండి. డెస్క్‌టాప్ మీద కనిపించేవి డిస్కులో యూజర్స్ అనే ఫోల్డర్‌లో, మీ పేరుతో ఉన్న ఫోల్డర్ లోపల ఉంటాయి. కొందరు మెకానిక్‌లు డీ డ్రైవ్ ఒక్కటే చూసి "అంతా తీశానండీ" అంటారు, అక్కడ జాగ్రత్త.

పేజ్‌మేకర్ అన్నారు కాబట్టి ఇంకో సంగతి. అను ఫాంట్లలో టైపు చేసిన ఫైలు, ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో తెరిస్తే పద్యం బదులు ఇంగ్లిషు అక్షరాల పిచ్చిరాత కనిపిస్తుంది. పద్యాల ఫైలుతో పాటు విండోస్ ఫోల్డర్‌లో ఉండే ఫాంట్స్ ఫోల్డర్ కూడా కాపీ తీయించండి. కంప్యూటర్ బాగయ్యాక పేజ్‌మేకర్ తెరిచి, ఆ మూడొందల పేజీలనూ పీడీఎఫ్‌గా మార్చి పెట్టుకోండి. పీడీఎఫ్ మీ మనవడి ఫోన్‌లో కూడా తెరుచుకుంటుంది. ఫార్మాట్ కొట్టేవాళ్లు ఎవరూ ఈ విషయం అడగరు. ఫైళ్లు భద్రంగానే ఉన్నా, వాటిని చదివే సాఫ్ట్‌వేర్, ఫాంట్లు పోతాయి.

పద్యాలు బయటికొచ్చాక, డిస్కు మళ్లీ తగిలించుకుని, తీరిగ్గా ఒక ఉదయం కూర్చోండి.

ముందు కరెంటు సంగతి. మీ కంప్యూటర్ యూపీఎస్ మీద ఉందా, ఇంటి ఇన్వర్టర్ మీద ఉందా, నేరుగా గోడకి ఉందా అనేది మీరు రాయలేదు. ఎలా ఉన్నా సరే, ఒకరోజు మధ్యలో ఏదీ లేకుండా, ఎక్స్‌టెన్షన్ బోర్డు కూడా లేకుండా, మంచి గోడ సాకెట్‌లో నేరుగా పెట్టి నడపండి. వెనకవైపు డబ్బాలోకి వెళ్లే కేబుల్ వదులుగా ఉందేమో గట్టిగా నొక్కి చూడండి. "ఇంత చిన్నదానికా" అనుకోకండి. కంప్యూటర్ యూపీఎస్‌లో ఉండే చిన్న బ్యాటరీ రెండు మూడేళ్లకి పోతుంది. పోయినట్టు బయటికి తెలియదు, కరెంటు ఉన్నంతసేపూ పచ్చ లైటు వెలుగుతూనే ఉంటుంది. వీధిలో ఎవరో మోటారు వేసినప్పుడు ఓల్టేజీ ఒక్క క్షణం పడితే యూపీఎస్ బ్యాటరీ మీదకి మారుతుంది, అక్కడ ఏమీ లేదు కాబట్టి కంప్యూటర్ ఆరిపోతుంది, కరెంటు వెంటనే మళ్లీ అందుతుంది కాబట్టి కొన్ని కంప్యూటర్లు తమంత తామే లేస్తాయి. చూసేవాళ్లకి అది అచ్చం మీరు రాసిన జబ్బే.

ఇందులో ఒక చిన్న లెక్క ఉంది, మీకు నచ్చుతుంది. మన కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది, అంటే ఒక్కో ఊపుకి 20 మిల్లీసెకన్లు. డబ్బాలో కరెంటుని పంచే పెట్టె, దాన్నే ఎస్ఎంపీఎస్ అంటారు, గోడలోంచి సరఫరా ఆగినా తన కెపాసిటర్లలో దాచుకున్న దాంతో దాదాపు 16 మిల్లీసెకన్లు నెట్టుకు రావాలని రూలు. అంటే ఒక ఊపు కూడా నిండదు. ఇన్వర్టర్ అంతకంటే త్వరగా అందుకుంటే కంప్యూటర్‌కి తెలియను కూడా తెలియదు. ఇంటి ఇన్వర్టర్లు చాలావాటికి వెనక ఒక చిన్న స్విచ్ ఉంటుంది, ఒకవైపు యూపీఎస్ మోడ్, ఇంకోవైపు ఎకో లేదా నార్మల్ అని. ఎకోలో ఉంటే ఫ్యాన్లకి, లైట్లకి ఏ ఇబ్బందీ ఉండదు, కానీ మారడం నిదానం, కంప్యూటర్ పడిపోతుంది. ఆరేళ్లు దాటిన ఎస్ఎంపీఎస్‌లో కెపాసిటర్లు ఎండిపోయి ఆ 16 కాస్తా ఇంకా తగ్గుతుంది. మీకు గొడవ మొదలైంది గాలివానలో కరెంటు పోతూ వస్తూ ఉన్న మర్నాడు. కాబట్టి నా అనుమానం మొదట యూపీఎస్ మీద, తర్వాత ఎస్ఎంపీఎస్ మీద. అనుమానమే సుమా, ఇంకా రుజువు కాలేదు.

రుజువుకి గడియారం కావాలి. ఆన్ చేయగానే, విండోస్ గుర్తు రాకముందే, కీబోర్డు మీద డిలీట్ బటన్ టకటకా నొక్కుతూ ఉండండి. కొన్ని బోర్డులకి ఎఫ్2 నొక్కాలి. బయోస్ అనే తెర వస్తుంది. పాతవి నీలంగా, కొత్తవి ఆటబొమ్మలా రంగులతో ఉంటాయి. అక్కడ ఏదీ మార్చకండి. ఊరికే అలా వదిలేసి, టైము రాసుకుని, పేపరు చదువుకోండి. కనీసం నలభై నిమిషాలు.

నేను ఇంత పట్టుబట్టడానికి కారణం ఏమిటంటే, బయోస్‌లో ఉన్నంతసేపూ విండోస్ ఇంకా మొదలే కాలేదు. అది డిస్కులో నిద్రపోతోంది. వైరస్ ఉన్నా అది కూడా నిద్రలోనే ఉంది. అప్పుడు కూడా కంప్యూటర్ ఆరిపోయి లేచిందంటే విండోస్ నిర్దోషి అని తేలిపోయింది. ఫార్మాట్ మాట ఇక ఎత్తనివ్వకండి. నలభై నిమిషాలూ కదలకుండా నిలబడి, విండోస్‌లోకి వెళ్లగానే పడిపోతే అనుమానం విండోస్ వైపు, డ్రైవర్ల (ఒక్కో భాగాన్ని నడిపే చిన్న ప్రోగ్రాముల) వైపు, డిస్కు వైపు తిరుగుతుంది. వంద శాతం అని కాదు. బయోస్‌లో కంప్యూటర్ మీద పెద్దగా బరువు పడదు, ర్యామ్‌లో ఒక మూల తప్పు ఉంటే అక్కడ బయటపడకపోవచ్చు. కానీ పైసా ఖర్చు లేకుండా ఇంత చెప్పే పరీక్ష ఇంకోటి లేదు.

కూర్చున్నప్పుడు అదే తెర మీద హార్డ్‌వేర్ మానిటర్ అనో పీసీ హెల్త్ అనో ఉంటుంది, చూడండి. సీపీయూ, అంటే లోపల లెక్కలు చేసే చిప్, వేడి ఎంతో చూపిస్తుంది. నలభై, యాభై డిగ్రీల దగ్గర నిలిస్తే సరే. మీ కళ్ల ముందే అరవై, డెబ్బై, ఎనభై అని ఎక్కుతూ పోతుంటే ఫ్యాను పట్టు వదిలిందనో, దాని కింద పూసిన పేస్టు ఎండిపోయిందనో అర్థం. వేడికి ఆరిపోయిన కంప్యూటర్ చాలావరకు ఆరి అలాగే ఉండిపోతుంది, మీదానిలా వెంటనే లేవదు. అందుకే వేడి మీద నాకు అనుమానం తక్కువ. అదే తెర మీద 12 ఓల్టులు అనే వరస కూడా ఉండొచ్చు. అక్కడ 11.4 కంటే తక్కువ, 12.6 కంటే ఎక్కువ ఉండకూడదు. అయిదు శాతం అటూ ఇటూ అని లెక్క. బయోస్ చూపించే అంకె ఉజ్జాయింపే, అయినా 11 దగ్గర ఊగుతుంటే ఎస్ఎంపీఎస్ మీద కేసు గట్టిపడినట్టే.

బయోస్‌లోనే పడిపోయిందనుకుందాం. ఇక డబ్బా తెరవాలి. మనవాళ్లు డబ్బా మొత్తాన్నీ సీపీయూ అంటారు కదా, నేను చెప్పేది ఆ డబ్బా పక్క రేకు. ప్లగ్గు తీసేసి, పవర్ బటన్ పదిహేను సెకన్లు నొక్కి పట్టుకోండి, మిగిలిన కరెంటు దిగిపోతుంది. రేకు తీశాక లోపలి ఇనుప చట్రాన్ని ఒకసారి ముట్టుకోండి. మీరున్నది సముద్రానికి దగ్గర, ఉప్పుగాలి. ర్యామ్ ముక్కకి కింద అంచున బంగారు రంగు గీతలు ఉంటాయి, వాటి మీద సన్నటి మసక పొర కడుతుంది. రెండు పక్కలా ఉన్న క్లిప్పులు నొక్కితే ర్యామ్ పైకి లేస్తుంది. పిల్లలు వాడే మెత్తటి తెల్ల రబ్బరుతో ఆ గీతల మీద నాలుగుసార్లు మెల్లగా రుద్ది, పొడి దులిపి, క్లిప్పులు టక్ మనేదాకా నొక్కి పెట్టండి. ఈ రబ్బరు వైద్యం అంటే ఇంజినీర్లు మొహం చిట్లిస్తారు, బంగారు పూత అరిగిపోతుందని. రోజూ చేస్తే అరుగుతుంది నిజమే. ఏడేళ్లకోసారికి ఏమీ కాదు. రెండు ర్యామ్‌లు ఉంటే ఒకటి తీసి ఒకదాంతో నడిపి చూడండి, తర్వాత రెండోదాంతో. ఒకదాంతో బాగుండి, ఇంకోదాంతో పడిపోతే దొంగ దొరికినట్టే.

చేయి పెట్టకూడనిది ఒకటే, ఎస్ఎంపీఎస్ పెట్టె. దాని స్క్రూలు విప్పకండి, మెకానిక్ విప్పుతానన్నా వద్దనండి. ప్లగ్గు తీసినా లోపల కెపాసిటర్లలో ప్రమాదకరమైన ఓల్టేజీ కొంతసేపు నిలిచి ఉంటుంది. దాన్ని రిపేరు చేయించడం దండగ. కొట్లో మంచిది ఒకటి ఉంటే అరువుగా తెచ్చి ఒక పూట తగిలించి చూడమనండి. జబ్బు పోతే అప్పుడు కొనండి. మంచి కంపెనీది రెండు వేలకి కొంచెం అటూ ఇటూగా వస్తుంది. కొత్త డబ్బాతో పాటు ఉచితంగా వచ్చే బరువులేని పెట్టెలు ఉంటాయి చూడండి, చేత్తో పట్టుకుంటే ఖాళీ అగ్గిపెట్టెలా ఉంటాయి. అవి మాత్రం వద్దు.

ఇక్కడ నా పరువు తక్కువ సంగతి ఒకటి చెప్పుకోవాలి. చాలా ఏళ్ల కిందట మా అక్కయ్య వాళ్లింట్లో ఒక కంప్యూటర్ ఇలాగే ఆరి లేస్తుంటే, పెద్ద తెలిసినవాడిలా రెండుసార్లు విండోస్ కొట్టాను. ర్యామ్ మార్పించాను. మూడో ఆదివారం విసిగిపోయి డబ్బాని వెనక్కి వంచి పడుకోబెడితే రీస్టార్ట్ అవడం ఆగిపోయింది. నిలబెడితే మళ్లీ మొదలు. చూస్తే ముందువైపు రీసెట్ బటన్ దుమ్ముకి లోపలికి ఇరుక్కుపోయి, బల్ల అదిరినప్పుడల్లా తగులుతోంది. బోర్డు మీద ఆ బటన్ తాలూకు సన్నటి వైరు పీకేస్తే అయిపోయింది. రీసెట్ బటన్ లేకపోతే కంప్యూటర్‌కి ఏ లోటూ లేదు, ఆ తర్వాత అది రెండేళ్లు నడిచింది. ర్యామ్ డబ్బులు మాత్రం మా బావగారు ఇప్పటికీ గుర్తుచేస్తారు. మీ డబ్బాకి కూడా ఆ వైరు పీకించి ఒకరోజు చూడండి, పోయేదేముంది.

ఇక బయోస్‌లో నలభై నిమిషాలూ నిలబడితే. అప్పుడు మీ మనవడు చెప్పిన దారి. అదెక్కడుందంటే, విండోస్ పాస్‌వర్డ్ అడిగే తెర దాకా వస్తే, కింద కుడిపక్కన పవర్ గుర్తు ఉంటుంది. కీబోర్డు మీద షిఫ్ట్ నొక్కి పట్టుకుని, ఆ గుర్తులో రీస్టార్ట్ మీద క్లిక్ చేయండి. అక్కడిదాకా కూడా రాకపోతే, చుక్కలు తిరుగుతుండగా పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేయండి. ఇలా రెండు మూడుసార్లు మొదలవబోయి ఆగితే విండోస్ తనంత తానే రిపేరు తెర తెస్తుంది. రెండు దారులూ ఒకే నీలం మెనూకి చేరతాయి. అందులో ట్రబుల్‌షూట్, దాని లోపల అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, దాని లోపల స్టార్టప్ సెట్టింగ్స్, అక్కడ రీస్టార్ట్. ఒక నంబర్ల జాబితా వస్తుంది. 4 నొక్కితే సేఫ్ మోడ్.

కానీ 4 కంటే ముందు ఒకసారి 9 నొక్కండి. అది క్రాష్ అయ్యాక తనంత తానే రీస్టార్ట్ కాకుండా ఆపే అంకె. అప్పుడు నీలం తెర మాయమవకుండా అలాగే నిలబడుతుంది. ఫోన్‌తో ఫొటో తీసుకోండి. కింద స్టాప్ కోడ్ అని ఇంగ్లిషులో పెద్దక్షరాలు ఉంటాయి, అదే మనకి కావలసింది. మెమరీ మేనేజ్‌మెంట్ అని ఉంటే ర్యామ్ వైపు చూడాలి. ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్ అంటే డిస్కు అందడం లేదని. డిస్కే కావచ్చు, దాని కేబుల్ కావచ్చు, డ్రైవర్ కావచ్చు. WHEA (వీయా) అనే నాలుగు ఇంగ్లిషు అక్షరాలతో మొదలైతే దాదాపు ఎప్పుడూ వస్తువు గొడవే. నీలం తెర అసలు రాకుండా, తీగ తెగినట్టు చప్పున ఆరిపోతే అది కరెంటు వైపు సాక్ష్యం, ఎందుకంటే విండోస్‌కి తను చచ్చిపోతున్నానని చెప్పుకునే తీరిక కూడా దొరకలేదన్నమాట. మనవడు ఈవెంట్ వ్యూయర్ (విండోస్ జరిగినవి రాసుకునే చిట్టా) చూసి "కెర్నల్ పవర్ 41 అని ఉంది తాతయ్యా, పవర్ సప్లయి పోయింది" అనవచ్చు. ఆ 41 అంటే కంప్యూటర్ సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయిందని మాత్రమే. ఎందుకు ఆగిందో అది చెప్పదు.

సేఫ్ మోడ్‌లో విండోస్ అతి తక్కువ సామానుతో నడుస్తుంది, తెర మీద అక్షరాలు లావుగా, మూలల్లో సేఫ్ మోడ్ అని కనిపిస్తుంది. అందులో గంట నిలబడి, మామూలుగా పెడితే పడిపోతోందంటే ఏదో డ్రైవర్, లేదా ఈ మధ్య పడిన అప్‌డేట్. అదే అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ మెనూలో అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్ ఉంటుంది, సిస్టమ్ రిస్టోర్ ఉంటుంది. రిస్టోర్ పాయింట్, అంటే విండోస్ తన పాత స్థితిని దాచుకున్న గుర్తు, ఆ గాలివాన కంటే ముందు తేదీది దొరికితే దానికి వెళ్లండి. మీ ఫైళ్ల జోలికి అది పోదు. రీసెట్ దిస్ పీసీ అనేది ఆఖరి మాట. అందులో కీప్ మై ఫైల్స్ అని ఉన్నా పేజ్‌మేకర్ లాంటి ప్రోగ్రాములన్నీ ఎగిరిపోతాయి. సేఫ్ మోడ్‌లో కూడా ఇష్టం వచ్చినప్పుడు పడిపోతే మళ్లీ జ్వరం పిల్లాడి దగ్గరికే వచ్చాం, ర్యామ్, ఎస్ఎంపీఎస్ చూడండి.

ఎవరో ఒకరు మీకు వైరస్ అని కూడా చెబుతారు. 2003లో బ్లాస్టర్ అనే వైరస్ వచ్చినప్పుడు నిజంగానే తెర మీద 60 సెకన్ల కౌంట్‌డౌన్ వేసి మరీ కంప్యూటర్లని రీస్టార్ట్ చేసేది. ఈ కాలం వైరస్‌లకి కంప్యూటర్ బతికి ఉండటమే లాభం, ఆరిపోతే వాటికి పని జరగదు. ఇంకొకరు విండోస్ 10 కి కాలం చెల్లిందని, అందుకే ఇలా అవుతోందని అంటారు. 2025 అక్టోబర్ 14తో దానికి మామూలు సపోర్ట్ ఆగిన మాట నిజం. అంతమాత్రాన కంప్యూటర్ ఆరి లేవదు, మామూలుగా కొత్త భద్రతా మరమ్మతులు రావంతే. అది తీరిక మీద చూసుకోవలసిన పని.

ల్యాప్‌టాప్ ఉన్న పాఠకులు ఇది చదివి రిపేరు మెనూలోకి వెళ్లబోతే ఒక్క మాట. చాలా ల్యాప్‌టాప్‌లలో డిస్కుకి బిట్‌లాకర్ తాళం ఉంటుంది, కొన్నప్పుడు మనకి తెలియకుండానే పడి ఉంటుంది. అప్పుడు 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి ఫోన్‌తో లాగిన్ అయితే చాలావరకు అక్కడే ఉంటుంది. ముందు దాన్ని కాగితం మీద రాసుకుని తర్వాత కదపండి. మాస్టారిది అసెంబుల్ చేసిన డబ్బా కాబట్టి ఆ తాళం ఉండే అవకాశం తక్కువ.

కొట్టుకి తీసుకెళ్లవలసి వస్తే ఉత్త "రీస్టార్ట్ అవుతోంది" అనకండి. ఆ వాక్యానికి వాళ్ల దగ్గర ఒకటే జవాబు ఉంది. మీరు రాసుకున్న కాగితం ఇవ్వండి: గోడకి నేరుగా పెట్టినా పడింది, బయోస్‌లో పదకొండో నిమిషంలో పడింది, ఒక ర్యామ్‌తోనూ పడింది, రీసెట్ వైరు పీకినా పడింది. ఇలా చెబితే కొట్టువాడు కుర్చీలో కొంచెం ముందుకి జరుగుతాడు. మార్చిన పాత సామాను వెనక్కి ఇమ్మని కూడా ముందే అనండి.

నన్నడిగితే యూపీఎస్ తీసేసి గోడకి పెట్టిన రోజే సగం తేలిపోతుంది. లేకపోతే అరువు ఎస్ఎంపీఎస్‌తో తేలుతుంది. అదీ మార్చి, ర్యామ్ మార్చి, వైరు పీకి, ఇంకా బయోస్‌లోనే పడిపోతుంటే మాత్రం బోర్డు పోయిందన్న ఆ రెండో ఆయన మాట వినక తప్పదు. అప్పటికి మీ నాన్నగారి పద్యాలు పెన్‌డ్రైవ్‌లో ఒకటి, మనవడి దగ్గర ఒకటి ఉంటాయి.